గండికోటలో గండి యొక్కటియే కాదు

గండికోటకు పోయివచ్చిన వారిని అచట ఏమి చూచితిరని అడిగినచో, తరచుగా వినవచ్చు సమాధానము పెన్న గండి. ఆ మాటలో అసత్యము లేదు. కర్ణాటక దేశమున నందికొండలలో పుట్టి నెల్లూరు సీమలో సముద్రమును చేరు పెన్నానది, కడప జిల్లాలో ఎఱ్ఱమల కొండలను ఈ చోట నిలువునా కోసికొని పోవుచున్నది. ఆ కోతయే గండి. దాని గట్టుమీద నిలిచినది గనుక అది గండికోట. అంచున నిలిచి క్రిందికి చూచిన, ఎవరో పనిగట్టుకొని పేర్చినట్లు పొరలు పొరలుగా నున్న ఎఱ్ఱని బండలు ఇరువైపుల నిట్టనిలువుగా దిగిపోవుచుండగా, అడుగున నీరు పచ్చని పట్టుచీర పఱచినట్లు కదలక మెదలక కన్పట్టును. అట్టి దృశ్యమును చూడరాదని ఎవ్వరనగలరు? కాని గండిని చేసినది నది, కోటను చేసినది మనుష్యులు. మొదటిదానికొఱకు వందల మైళ్లు వచ్చి, రెండవదానిని కన్నెత్తియైన చూడక మరలిపోవుట మన పూర్వుల బుద్ధిబలమునకు చేయు అన్యాయమని నా దృఢమైన అభిప్రాయము.

ఇటీవల మాఘమాసమున ఒక దినమంతయు ఆ కోటలో గడపితిని. జమ్మలమడుగులో తెలతెలవారుచుండగా బయలుదేరి, పదునైదు కిలోమీటర్ల దారి పడమరగా సాగి కోటవాకిలి చేరునప్పటికి ఎండ ఇంకను ముదురలేదు. మావటివాడు ఎంత అదలించినను ఏనుగు కుంభస్థలము మోపుటకు వెనుకాడునట్లు ఇనుపములుకులు దిగవేసిన కొయ్యతలుపులను దాటి లోనికి పోగా, మనమొక శిథిలములోనికి గాక ఒక ఊరిలోనికి వచ్చితిమని అర్థమగును. ఔను, కోటలోపల నేటికిని ఊరున్నది. వాకిళ్లలో కల్లాపి, దొడ్లలో ఎనుములు, బడికి పోవు పిల్లలు. సుమారు అయిదుమైళ్ల చుట్టుకొలత గల ప్రాకారము, దానికి నూటొక్క బురుజులని వాడుక; ఆ రాతికౌగిలి నడుమ కాపురములు నేటికిని సాగుచునే యున్నవి.

తోడివారు గట్టువైపు త్వరపడుచుండగా, ఒక అరుగుమీద కూర్చుండి చింతపండు పిక్క తీయుచున్న అవ్వ మమ్ము ఆపి, “ఏం నాయనా, గండికేనా పొయ్యేది? గండి యాడికి పోతాది, అది ఆడనే ఉంటాది. ముందు ఒడ్లకొట్టు చూసి పోండి. గింజలు, నీళ్లు లేకుంటే ఈ కోట ఒగ నెలన్నా నిలిచిండునా?” అన్నది. దుర్గములను గూర్చి నేను చదివిన గ్రంథములలో ఇంత సూటియైన మాట మఱొకటి నాకు తగులలేదు. ఆమె మాట శిరసావహించి ధాన్యాగారమునకే ముందు పోయితిమి.

అది మిక్కిలి దొడ్డ కట్టడము. వెలుపలినుండి చూచిన అలంకారమేమియు లేదు. లోన అడుగిడగానే ఎండ ఒక్కసారిగా తెగిపోయి, ఒడలు చల్లబడును. కన్నులు చీకటికి అలవాటు పడిన పిమ్మట తలపైకి చూచిన, దూలమొక్కటియు లేక, కమానుగా వంగిన కప్పు ఈ గోడనుండి ఆ గోడకు బోర్లించిన దోనెవలె సాగియుండును. గోడమీద చేయి మోపితిని. గచ్చు నున్నగా, తేమ యెఱుగక, అఱచేతికి చల్లగా తగిలెను. ధాన్యమునకు తేమయే మొదటి శత్రువు, చెదపురుగు రెండవది. ఆ రెంటిని కనిపెట్టి, కొయ్య యనునది చేరనీయక ఆ కప్పును నిలిపిన శిల్పి యెవరో గాని, కత్తిపట్టిన యోధునితో సమానముగా ఈ దుర్గమును కాచినవాడు. ఆ గచ్చుమీదనే, నిలువెత్తున, మేకుతో గీసిన జంటపేర్లు, తేదీలు, హృదయచిహ్నములు! నాలుగువందల ఏండ్ల గోడకు మన తరము వ్రాసిన వ్రాత అది. చూచి నా మనస్సు మిక్కిలి నొచ్చినది.

కొండ ఎంత ఎత్తైనదైనను, ఆకలి దానిని ఎక్కగలదు. దాహము దానిని కూల్చగలదు. ఈ సత్యమును గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులు బాగుగా ఎఱుగుదురు. విజయనగర ప్రభువులకు కుడిభుజమై నిలిచిన ఆ వంశీయులలో కృష్ణరాయల కాలపు రామలింగనాయుని పేరు తెలుగువారికి సుపరిచితము. రాయలచెరువు, కోనేళ్లు, వానచినుకును వృథా పోనీయని పల్లములు, ఇవన్నియు బురుజులతోపాటు రక్షణలోని భాగములే. 1652లో ఈ కోటకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ కూడ మొదట ఇరుకైన కొండదారిని, ప్రక్కనున్న అగాధమును వర్ణించి, అంతటితో ఆగక, కొండమీది మైదానమున వరియు చిరుధాన్యములును పండుచున్నవనియు, చిన్నచిన్న ఊటలు ఆ పైరును తడుపుచున్నవనియు వ్రాసినాడు. పరదేశి కన్ను సయితము పైరును చూచినది!

అప్పటికి కోట గోలకొండ సుల్తాను సేనాపతియగు మీర్ జుమ్లా చేతిలోనికి వచ్చియుండెను. టావెర్నియర్ ఆయన కొలువును చిత్రించిన తీరు మఱపునకు రాదు. నవాబు వట్టికాళ్లతో కూర్చుండి, కాలివ్రేళ్ల నడుమ కొన్ని జాబులు, ఎడమచేతి వ్రేళ్ల నడుమ మఱికొన్ని జాబులు ఇఱికించుకొని, ఒకసారి కాలినుండి, ఒకసారి చేతినుండి ఒక్కొక్కటిగా తీయుచు, ఇద్దఱు లేఖకులచేత ప్రత్యుత్తరములు వ్రాయించుచుండెనట. ఆ వాక్యములను తలచుకొనుచు నడచుచుండగా, ఆ పాడుగోడల నడుమ కాగితముల చప్పుడు, కలముల గీత నాకు వినిపించినట్లే యున్నది. ఇట్టి కథలు తెలియనివానికి రాళ్లు రాళ్లుగనే యుండును. తరువాతి చరిత్ర త్వరగా చెప్పదగినది: మైసూరు టిప్పూసుల్తానుతో జరిగిన యుద్ధమున 1791లో ఆంగ్లేయ సేనానియగు కాప్టన్ లిటిల్ ఈ కోటను పట్టుకొనెను, అటుపిమ్మట కోట పని తీఱిపోయినది.

మధ్యాహ్నము మాధవరాయాలయమును, దానికి సమీపముననే యున్న జుమ్మామసీదును చూచితిమి. ఆలయగోపురము నేటికిని చెక్కు చెదరలేదు. గర్భగుడిలో మాత్రము మూర్తి లేదు. సాయంకాలము గట్టుచేరి, బండమీద కూర్చుండి, గండిలో నీడ మెల్లమెల్లగా ఎదుటి గోడపై కెక్కుట చూచితిమి. ముందుగా ధాన్యాగారమును, చెరువును చూచివచ్చితిమి గనుక, ఆ లోయ నాకు కేవల దృశ్యముగా గాక, ఒక పెద్ద యింటికి పెరటిగోడవలె తోచినది.

గండికోటను గొప్ప పర్యాటక క్షేత్రముగా చేయుదమని ప్రభుత్వము ఉత్సాహము చూపుచున్నది, సంతోషమే. వసతిగృహములు కావలయును, గట్టు అంచున ప్రమాదము వాటిల్లకుండ కాపుదలయు కావలయును. కాని ఖర్చంతయు గండివైపే ప్రవహించి, కోటలోని కట్టడములు గబ్బిలములకు, మేకుగీతలకు విడువబడినచో, మనము కొండను అలంకరించి కోటను పోగొట్టుకొన్నవార మగుదుము. ఆంగ్లేయ అధికారియగు మెకంజీ సేకరించిన గండికోట కైఫీయత్తు, అనగా స్థానిక చరిత్ర, ఉన్నది, టావెర్నియర్ వ్రాతలున్నవి. వానిని తేట తెలుగున రాతిపలకలపై చెక్కించి ధాన్యాగారపు వాకిట, చెరువుగట్టున, మసీదు ముంగిట నిలుపుట పెద్దపని కాదు. కోటలోపలి ఊరి యువకులకు ఆ కథలు నేర్పి, వచ్చినవారికి దారి చూపు పని వారికే ఇచ్చినచో, వారికి జీవనమును, గోడలకు కావలియు ఏకకాలమున సిద్ధించును. సంబంధించిన అధికారులు ఈ మనవిని ఆలకింతురుగాక.

పాఠకులారా, మీరు పోవునప్పుడు అంచువైపు పరుగెత్తక, ముందు ఒడ్లకొట్టులోనికి పొండు. గోడమీద చేయి మోపి చూడుడు, పేరు మాత్రము వ్రాయకుడు.