జ్వరం తగ్గింది, గుండె తేరుకుందా?

మన హాస్టళ్లలో జ్వరమొస్తే గోలీ ఇస్తారు. ఒళ్లు చల్లబడితే మర్నాడే గ్రౌండులో పరుగు, బకెట్లతో నీళ్లు మోయడం. "జ్వరం పోయింది గదా, ఇంకేంది?" అని మనం కూడా అంటాం. ఈ అలవాటు మారాలని నా అభిప్రాయం.

జలుబు, దగ్గు, విరేచనాలు తెచ్చే వైరస్‌లలో కొన్ని రక్తంలో కలిసి గుండె కండరానికి చేరగలవు. కాక్సాకీ, ఫ్లూ, డెంగీ, 2020లో లోకమంతా పాకిన కరోనా అలాంటివే. వైరస్ కండరాన్ని దెబ్బతీస్తుంది. దానితో పోరాడటానికి వచ్చిన మన రక్షణ కణాల వల్ల కూడా వాపు వస్తుంది. దీన్నే డాక్టర్లు మయోకార్డైటిస్ అంటారు. ఇది అందరికీ రాదు, వచ్చినవాళ్లలో ఎక్కువమంది కోలుకుంటారు. కానీ కొందరికి గుండె లయ తప్పి ప్రాణం మీదికొస్తుంది. కాలు వాస్తే కాలు చాపి పడుకుంటాం. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకునే గుండెకు ఆ వీలు లేదు. దాని బరువు తగ్గించడం ఒక్కటే మన చేతిలో ఉంది.

1970లో అమెరికాలో కాక్సాకీ వైరస్ సోకిన ఎలుకలను బలవంతంగా ఈదించి చూశారు. ఊరికే ఉంచిన ఎలుకల కంటే వాటి గుండెల్లో వైరస్ చాలా రెట్లు పెరిగింది, చావులూ పెరిగాయి.

హైదరాబాదులో అశోక్‌నగర్ గదులు చూడండి. ఉద్యోగ పరీక్షల కోసం మనలాంటి ఊళ్ల నుంచి వెళ్లిన అన్నలు, అక్కలు ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటారు. పగలు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చదువు. ఒకరికి జలుబు చేస్తే గదంతా పాకుతుంది. కానిస్టేబుల్ పరుగు దగ్గరపడిందని జ్వరంలోనే పరుగెత్తేవాళ్లూ ఉంటారు. అయినా వాళ్లకు రక్త పరీక్షలకు నారాయణగూడలో ఐ.పి.ఎం. ఉంది, దగ్గర్లోనే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది. మనకు ఇ.సి.జి. తీయించాలంటే బస్సెక్కి పోవాలి. అందుకే జాగ్రత్త మనకే ఎక్కువ కావాలి.

వార్డెన్ గారికి, పి.టి. సారుకి నా మనవి ఇది. జ్వరం తగ్గిన పిల్లలకు కనీసం వారం రోజులు పరుగు, బరువులు వద్దు. ఆ తర్వాత కూడా మెల్లగా మొదలుపెట్టించండి. ఛాతీలో నొప్పి, మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం, పాదాల వాపు ఉంటే "నాటకాలు" అనకండి. వెంటనే ఆసుపత్రికి పంపండి. గుండె వాపని తేలితే మూడు నుంచి ఆరు నెలలు ఆటలు మానాలని డాక్టర్లు చెప్తారు.

మిత్రులారా, మీరూ దాచకండి. రన్నింగులో పేరు పోతుందని, పనిదొంగ అంటారని ఊరుకోకండి. పక్క మంచం మీదివాడు చెప్పకపోతే మీరే సారుకి చెప్పండి. అది చాడీ కాదు, స్నేహం.