వీసా కులం అడగదు, కులం కూడబెట్టిందే అడుగుతుంది

తెనాలి ప్రాంతపు దళితుల జ్ఞాపకంలో 1991 మానని గాయం. ఆ ఏడాది ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు ఊచకోతకు గురయ్యారు. ప్రాణాలు దక్కించుకున్నవారు ఇల్లూ వాకిలీ వదిలి తెనాలి చేరి తలదాచుకున్నారు. సరిగ్గా ఎనిమిది వారాల తరువాత, అక్టోబరు 1న, అమెరికాలో హెచ్‌-1బి అనే కొత్త వీసా అమలులోకి వచ్చింది. ఈ రెండు తేదీలకూ పొంతన లేదనిపించవచ్చు. కానీ ఈ డెల్టా నుంచి ఆ రోజుల్లో సాగిన రెండు వలసలకు అవి గుర్తులు. ఒకటి ప్రాణభయంతో పక్క పట్టణానికి. రెండోది కంప్యూటరు చదువు చేతబట్టుకొని సముద్రాల ఆవలికి. మొదటి వలస ఎరిగిన కుటుంబాలకు రెండో వలస తలుపు తట్టడానికి ఒక తరం పట్టింది. తీరా వారి పిల్లలు ఆ గుమ్మం దాకా వచ్చేసరికి తలుపు మూసుకుపోతోంది.

2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్‌ ట్రంప్‌ కొత్త హెచ్‌-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ప్రకటన జారీ చేశారు. అప్పటి మారకం ప్రకారం అది సుమారు 88 లక్షల రూపాయలు. ఆ తరువాత లాటరీ పద్ధతినీ మార్చారు. 2026 ఫిబ్రవరి చివరి నుంచి అమలయిన నిబంధన ప్రకారం అత్యున్నత వేతన స్థాయిలో ఉన్న అభ్యర్థి పేరు లాటరీలో నాలుగు సార్లు చేరుతుంది. అట్టడుగు స్థాయిలో ఉన్నవారి పేరు ఒక్కసారే. తెలుగువారి అమెరికా కల చెదిరిందని మన పత్రికలూ ఛానళ్లూ వాపోయాయి. ఏ తెలుగువారి కల? ఎవరి కల ఎంత చెదిరింది? ఈ ప్రశ్న మాత్రం చర్చకు రాలేదు. వీసా దరఖాస్తులో కులం గడి ఉండదు. కానీ కులం ఎవరికి ఏమి కూడబెట్టి ఇచ్చిందో ఆ దరఖాస్తు గడిగడికీ దానినే అడుగుతుంది.

ఆ కూడబెట్టడం ఎలా జరిగిందో ఈ నేలకు తెలుసు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కృష్ణా కాలువలు పారిన తరువాత డెల్టా మాగాణి అయింది. నీరు భూమికి విలువ తెచ్చింది. ఆ విలువ భూమి ఉన్నవారి సొంతమయింది. నాట్లు వేసి, కోతలు కోసి, కుప్పలు నూర్చిన మాల మాదిగ కుటుంబాలకు కూలి మాత్రమే దక్కింది. వ్యవసాయ మిగులు మొదట రైసు మిల్లులకు, సినిమాలకు, తరువాత ప్రైవేటు కళాశాలలకు, చివరకు విదేశీ చదువులకు మళ్లింది. షియాంగ్‌ బియావో అనే మానవశాస్త్రవేత్త 2007లో వెలువరించిన 'గ్లోబల్‌ బాడీ షాపింగ్‌' గ్రంథంలో కోస్తా పల్లెల మిగులు, కట్నాల సొమ్ము కలిసి సాఫ్ట్‌వేరు ఉద్యోగిని ఎలా తయారు చేశాయో వివరించారు. మనం ప్రతిభ అని పిలిచేదాని వెనుక ఎకరాలున్నాయి, కట్నాలున్నాయి, బంధుత్వాలున్నాయి. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు జరిపిన సర్వేలో అమెరికాలోని భారతీయ వలసదారుల్లో దళితులు, ఇతర అట్టడుగు కులాలవారు కలిసి 1.5 శాతమేనని తేలడంలో ఆశ్చర్యమేమీ లేదు.

తెనాలి నుంచి గుంటూరు వెళ్లే దారిలోని అంగలకుదురునే ఉదాహరణగా తీసుకుందాం. ఆ ఊరి నుంచి ఇద్దరు విద్యార్థులు బయలుదేరారనుకుందాం. ఇద్దరూ ఒకే కళాశాలలో బీటెక్‌ చదివారు, ఒకే మార్కులు తెచ్చుకున్నారు. ఒకరి తండ్రికి కాలువ కింద నాలుగు ఎకరాలు, తెనాలిలో ఇంటి స్థలం ఉన్నాయి. పినతండ్రి కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు. రెండోవాడి తండ్రి తాపీ పని చేస్తాడు, తల్లి పొలం కూలికి వెళుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌ లేకపోతే అతనికి బీటెక్‌ లేదు. అమెరికా విశ్వవిద్యాలయంలో చేరాలంటే ఇద్దరూ కనీసం మొదటి ఏడాది ఖర్చుకు సరిపడే సొమ్ము చూపాలి. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకం ప్రకారం 7.5 లక్షల రూపాయలు దాటిన అప్పుకు ఆస్తి హామీ కావాలి. మొదటివాడు పట్టాదారు పాసు పుస్తకం బల్ల మీద పెడతాడు. రెండోవాడి ఇంట్లో ఉంటే గింటే తాతకు ప్రభుత్వమిచ్చిన అసైన్డ్‌ భూమి ఉంటుంది. అది పరాధీనం కాకూడదని 1977 చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది. భూస్వామి చేతికి పోకుండా కాపాడిన ఆ రక్షణే బ్యాంకు మేనేజరు కంటికి లోపమవుతుంది. 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు యాజమాన్య హక్కునిస్తూ 2023లో సవరణ వచ్చిన మాట నిజమే. కానీ ఆ చెక్క కూడా లేని కుటుంబాలకు ఆ సవరణ ఏమి చేస్తుంది? ఆస్తి లేకున్నా అప్పిస్తామనే ప్రైవేటు ఫైనాన్సు సంస్థలు తండ్రి జీతపు కాగితం అడుగుతాయి. తాపీ పనికి జీతపు కాగితం ఉండదు.

ఆ రెండోవాడికి మొన్నటిదాకా వేరే దారి ఒకటి ఉండేది. హైదరాబాదులోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేరు కంపెనీలో చేరి, నాలుగేళ్లు పని నేర్చి, కంపెనీ ఖర్చుతో ఆన్‌సైట్‌కు వెళ్లడం. దానికి పొలం తాకట్టు అక్కరలేదు. వీసా ఖర్చు యజమానిదే. అమెరికా ఉద్యోగానికి ఉన్న దారుల్లో కుటుంబ ఆస్తితో నిమిత్తం తక్కువగా ఉన్నది అదే. లక్ష డాలర్ల రుసుము సూటిగా దాని మీదే పడింది. విద్యార్థి వీసాపై అమెరికాలో ఉంటూ అక్కడే హెచ్‌-1బికి మారేవారికి ఈ రుసుము వర్తించదని 2025 అక్టోబరు 20న అక్కడి వలస సేవల శాఖ వివరణ ఇచ్చింది. అంటే లక్షలు పోసి ముందుగా అక్కడ సీటు కొనుక్కోగలిగినవాడికి మినహాయింపు. పనితనం మీద ఇక్కడి నుంచి పిలుపు అందుకోవలసినవాడికి 88 లక్షల గోడ. నిబంధన రాసినవారికి అంగలకుదురు తెలియదు, మన కులాలూ తెలియవు. అయినా కత్తి పడవలసినచోటే పడింది.

వేతన స్థాయిని బట్టి అవకాశాలు పంచే కొత్త లాటరీ తొలి ఉద్యోగంలో చేరే కుర్రవాళ్లందరినీ దెబ్బ తీస్తుంది. కానీ లాటరీలో పేరు రాకపోతే మరుసటి ఏడు దాకా నిలదొక్కుకోవడం, మరో కోర్సులో చేరి ఫీజు కట్టడం, అప్పు వాయిదా తప్పకుండా చూసుకోవడం అందరికీ సాధ్యం కాదు. వేచి ఉండగలగడం కూడా ఒక ఆస్తే.

ఇది అమెరికా ఒక్కదాని కథ కాదు. విద్యార్థి ఖాతాలో చూపవలసిన జీవన వ్యయాన్ని కెనడా 2024 జనవరిలో 10,000 డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెంచింది. ఆస్ట్రేలియా విద్యార్థి వీసా రుసుము ఏడాది తిరిగేసరికి 710 నుంచి 1,600కు, అక్కడి నుంచి 2,000 డాలర్లకు ఎగబాకింది. బ్రిటన్‌ నైపుణ్య ఉద్యోగి వీసాకు కావలసిన వార్షిక వేతనాన్ని 26,200 పౌండ్ల నుంచి 2024 ఏప్రిల్‌లో 38,700కు, 2025 జూలైలో 41,700కు పెంచింది. అదే జూలైలో వృద్ధుల సంరక్షణ ఉద్యోగాలకు విదేశాల నుంచి కొత్తగా మనుషులను తీసుకోవడం ఆపేసింది. దేశాలు వేరు, పద్ధతి ఒక్కటే: వచ్చేవాడి బుద్ధిని కాక బరువును తూచడం.

సరిహద్దుల దగ్గర కులం దొంగచాటుగా పనిచేయడం కొత్త కాదు. 1923లో భగత్‌సింగ్‌ థింద్‌ అమెరికా పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కినప్పుడు ఆయన తరఫున వినిపించిన వాదన, తాను ఉన్నత కులపు ఆర్యుడు కనుక తెల్లవాడితో సమానమని. కోర్టు ఒప్పుకోలేదు. జాత్యహంకారాన్ని ఎదిరించడానికి కులాహంకారాన్ని ఆయుధం చేసుకోవడం మన వలస చరిత్రలో అలా నమోదయింది. స్వతంత్ర భారతమూ తక్కువ తినలేదు. 1947 నుంచి 1967 దాకా పాస్‌పోర్టు పౌరుడి హక్కు కాదు, అధికారి దయ. కూలీలు, కింది కులాలవారు బయట కనిపిస్తే దేశ ప్రతిష్ఠ మసకబారుతుందన్న భావనతో వారికి పాస్‌పోర్టులు నిరాకరించిన తీరును చరిత్రకారిణి కలాత్మిక నటరాజన్‌ తన పరిశోధనలో బయటపెట్టారు. ఈనాటికీ పదో తరగతి దాటనివారు గల్ఫ్‌ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 వలస చట్టం కింద ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. బడి ఎవరికి ఆలస్యంగా అందిందో పాస్‌పోర్టు చూస్తే తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. భూమి ఉన్న కులాల్లోనూ పేదలు లేరా? ఎకరం అమ్మి పిల్లవాణ్ని పంపి, అప్పుల పాలైన రైతులు లేరా? ఉన్నారు. వారి కష్టం నిజమైనది, దానిని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే అమ్మడానికి ఎకరం ఉండటానికీ, లేకపోవడానికీ మధ్య ఉన్న దూరమే కులం. వీసా రాక వెనుదిరిగినవాణ్ని ఆదుకోవడానికి ఒక ఇంట్లో మిగిలిన ఎకరం, మేనమామ వ్యాపారం, చుట్టాల కంపెనీ ఉంటాయి. రెండో ఇంట్లో ఉండేది వడ్డీ మాత్రమే.

మరి ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి? కేంద్రం 1950ల నుంచి నడుపుతున్న జాతీయ విదేశీ విద్యా ఉపకారవేతనంలో ఏడాదికి 125 స్థానాలున్నాయి. అందులో షెడ్యూల్డు కులాలకు 115. 2011 లెక్కల ప్రకారమే 20 కోట్లున్న జనాభాకు 115! 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర, సామాజిక అధ్యయనాల వంటి అంశాలపై విదేశాల్లో చదవడానికి ఈ వేతనం ఇవ్వబోమని నిబంధన పెట్టారు. కులం గురించి చదువుతానంటే డబ్బివ్వరన్నమాట. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే ఉత్తర్వులిచ్చి, మిగతావారికి నిధులుంటే చూస్తామన్నారు. విమర్శలు చెలరేగాకే మిగతావారి సంగతి కదిలింది. వీసా గడువు ఢిల్లీలో నిధులొచ్చేదాకా ఆగుతుందా? రాష్ట్రంలో అంబేడ్కర్‌ పేరిట ఉన్న విదేశీ విద్యా పథకాన్ని 2022లో పేరు మార్చి, ప్రపంచ ర్యాంకుల్లో తొలి 200 విశ్వవిద్యాలయాలకే పరిమితం చేశారు. 2024లో అంబేడ్కర్‌ పేరు తిరిగి వచ్చింది. పేరు ఎవరిదన్న పోటీయే తప్ప, విద్యార్థి చేతికి సొమ్ము వీసా ఇంటర్వ్యూకు ముందు అందుతుందా లేదా అన్న పట్టింపు కనబడదు.

సరిహద్దు దాటినా కులం దాటిపోదు. ఉద్యోగానికి సిఫారసు, అద్దెకు గది, మొదటి ఇంటర్వ్యూకు తర్ఫీదు తెలిసినవారి ద్వారానే దొరుకుతాయి. తెలిసినవారంటే చాలాసార్లు మనవాళ్లే. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్‌ నగర మండలి కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు గావిన్‌ న్యూసమ్‌ అక్టోబరు 7న తిరస్కరించారు. ఆ బిల్లును వ్యతిరేకించినవారిలో భారతీయ సంఘాలూ ఉన్నాయి. వలసదారులమని సమానత్వం అడిగేవారు తమలో తాము సమానత్వం ఒప్పుకోకపోవడం ఏ నీతి?

అందువల్ల మన డిమాండు అమెరికాకు రాసే విజ్ఞప్తులతో ఆగకూడదు. విదేశీ విద్యా ఉపకారవేతనాల మంజూరు వీసా కాలపట్టికతో ముడిపడాలి. చదువు మధ్యలో ఆగని చట్టబద్ధ హామీ ఉండాలి. స్థానాలు జనాభాకు తగినట్టు పెరగాలి, చదివే అంశంపై ఆంక్ష తొలగాలి. 7.5 లక్షలు దాటిన రుణానికి ఆస్తి లేని విద్యార్థి తరఫున ప్రభుత్వమే పూచీ పడాలి. జర్మనీ, జపాన్‌ వంటి దేశాలకు నర్సులు, సాంకేతిక నిపుణులు కావాలి. ఆ భాషలను గురుకులాల్లో, సాంఘిక సంక్షేమ వసతి గృహాల్లో ఉచితంగా నేర్పాలి. నియామకాలను ఏజెంట్లకు వదలక ప్రభుత్వ సంస్థలే జరపాలి. వీటన్నిటికంటే ముందు, బయటి తలుపులు మూసుకుంటున్న వేళ ఇంటి తలుపు తెరవాలి: ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల చర్చను ఇక వాయిదా వేయకూడదు.

1913లో బరోడా సంస్థానం ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల ఉపకారవేతనంతో అంబేడ్కర్‌ న్యూయార్కు చేరారు. 1917లో ఆ గడువు తీరగానే లండన్‌ చదువును సగంలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. బరోడాలో ఉద్యోగమైతే ఉంది కానీ, అంటరానివాడికి తలదాచుకునే గది దొరకలేదు. మూడేళ్ల తరువాత అరువు తెచ్చుకొని మళ్లీ ఓడ ఎక్కి ఆ చదువు పూర్తి చేశారు. ఆ మూడేళ్ల ఆలస్యాన్ని అంగలకుదురు బిడ్డ మీద మళ్లీ రుద్దే హక్కు వందేళ్లు దాటిన తరువాత ఏ ప్రభుత్వానికీ లేదు.