కంచె జరిగితే... దూరం పెరుగుతుంది!

కదిరిలో ఓ స్కూలు మైదానం. ఎర్రమట్టి మీద సున్నంతో గీసిన ట్రాకు. రౌండు పరుగుకి పిల్లలు వరసగా నిలబడతారు. ‘సార్, వాడు నాకంటే ముందు నిల్చున్నాడు!’ అంటూ లోపలి గీత మీదున్న పిల్లాడి ఫిర్యాదు.

డ్రిల్లు సార్‌కి ఇది మామూలే. మలుపులో బయటివాడు ఎక్కువ దూరం తిరగాలి. అందుకే ఆ వెసులుబాటు. ఒక్కో వరస వెడల్పు 1.22 మీటర్లయితే, ఒక రౌండుకి రెండోవాణ్ని దాదాపు 7 మీటర్లు ముందు నిలబెట్టాలి. మైదానం చిన్నదైనా పెద్దదైనా ఇదే లెక్క!

కదిరిలో రేసుకోర్సు లేదు. బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్తే మాత్రం ఇదే తగువు గుర్రాల దగ్గర ఎదురవుతుంది. పాపం, వాటికి ఫిర్యాదు చేసే నోరు లేదంతే.

1886లో ఆరో నిజాం మౌలాలి నుంచి మలక్‌పేటకు మార్పించిన రేసుకోర్సునే తీసుకోండి. అక్కడ వానాకాలంలోనూ పందేలుంటాయి. పచ్చిక నానిపోయి ఉంటుంది. ఒక్కో గుర్రం నాలుగైదు వందల కిలోల బరువు. దూరం కలిసొస్తుందని జాకీలంతా లోపలి కంచెనే అంటిపెట్టుకుని తోలతారు. నాలుగు పందేలయ్యేసరికి అక్కడి గడ్డి లేచిపోతుంది. గుంటలో కాలు పడితే గుర్రానికీ, పైనున్న మనిషికీ ప్రాణాపాయమే. అందుకని కొన్ని మీటర్లు బయటికి తాత్కాలిక కంచె వేస్తారు. రేసు భాషలో ‘ఫాల్స్ రెయిల్’. వేరుశనగ వేసి వేసి అలసిన చేనును బీడు పెట్టినట్టు, లోపలి పచ్చికకు విశ్రాంతి అన్నమాట.

చిక్కల్లా ఇక్కడే. కంచె 6 మీటర్లు జరిపారనుకుందాం. అర్ధవృత్తంలా ఉండే ఒక్క మలుపులోనే దూరం దాదాపు 19 మీటర్లు పెరుగుతుంది. సెకనుకి 16 మీటర్ల చొప్పున పరిగెత్తే గుర్రానికి అది సెకను పైమాటే. పందెం భాషలో చెప్పాలంటే ఏడెనిమిది గుర్రాల పొడవు! పూర్తి రౌండయితే ఇంతకు రెట్టింపు. మలుపే లేని తిన్నని పరుగులో మాత్రం తేడా సున్నా. స్టార్టింగ్ గేటును అదే మేరకు ముందుకు జరిపితే లెక్క సరిపోతుంది. జరపకపోతే కాగితం మీద 1600 మీటర్లు, కాళ్లకింద 1619.

కిందటివారం గెలిచిన గుర్రం ఈవారం సెకను ఆలస్యంగా వస్తే ‘డీలాపడింది’ అనేస్తారు. దాని ధర పడిపోతుంది, జాకీకి మాట పడుతుంది. తప్పు ఎవరిది? 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందేన్ని నైపుణ్యంతో కూడిన ఆటగా తేల్చింది. నైపుణ్యమన్నాక కొలత సరిగ్గా ఉండాలి కదా!

అయితే పూర్తిగా అలాగనీ కాదు. కొత్త కంచె పక్కన తొక్కని గట్టి పచ్చిక దొరికితే, దూరం పెరిగినా గుర్రం త్వరగానే రావచ్చు. అంటే వట్టి గడియారాన్ని నమ్మితే రెండువైపులా మోసమే.

బ్రిటన్‌లో కంచె జరిపితే ఏ పందెంలో ఎన్ని గజాలు పెరిగిందో ముందే ప్రకటిస్తారు. అమెరికాలో పచ్చిక పందేనికి కొలత కచ్చితంగా కుదరకపోతే దూరం ముందు ‘సుమారు’ అని రాస్తారు. మన దగ్గరా ఇంగ్లీషు పత్రికల రేసు కాలమ్‌లో పైనే ఓ చిన్నవాక్యం ఉంటుంది... ఫాల్స్ రెయిల్ ఎన్ని మీటర్లు, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు అని. చాలామంది దాన్ని దాటేసి నేరుగా గుర్రాల పేర్లలోకి వెళ్లిపోతారు.