ఎవరు చేసిన పాపము?



ఉద్దానము అను పేరు ఉద్యానవనము అను మాటనుండి వచ్చినదని మన పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన ఆ తీరమును చూచినవారెవరూ ఆ మాటను కాదనరు. అయితే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో 1990ల నుండి మరొక సంగతి కూడ ఇంటింటి మాటయైపోయినది. అదే కిడ్నీ జబ్బు. 2019లో ప్రచురింపబడిన ఒక సర్వేలో రెండువేలమందికి పైగా ఉద్దానము ప్రజలను పరీక్షింపగా, నూటికి సుమారు 18 మందికి మూత్రపిండముల వ్యాధి ఉన్నట్లు తేలినది. వారిలో ఎక్కువమందికి షుగరు లేదు, చాలకాలపు రక్తపోటు లేదు. పొలములో కాయకష్టము చేసుకొని బ్రదికినవారే.

ఈ ప్రాంతపు సంఘములలో ప్రార్థన మనవి చీటీలు చదువుచున్నప్పుడు మాకు పదే పదే ఎదురగు ప్రశ్న ఒకటున్నది. “మా ఇంటిలో ఎవరు చేసిన పాపమునుబట్టి ఇది వచ్చినది?” కొందరు పైకి వ్రాయుదురు, కొందరు వ్రాయరు గాని మనస్సులో పెట్టుకొని కుములుదురు. ఇరుగుపొరుగువారు సరేసరి. ఉద్దానమునకు పిల్లనిచ్చుటకు వెనుకాడువారున్నారని మనమందరము విన్నదే. విశ్వాసుల కుటుంబములలో సైతము ఆ సంకోచము లేదని చెప్పలేము.

యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగినదియు ఈ ప్రశ్నయే. వీని పాపమా, తలిదండ్రుల పాపమా అని. ప్రభువు ఆ రెంటిని త్రోసివేసెను. ఆ మీదట ఆయన ఉపన్యాసము చేయలేదు. క్రిందికి వంగి మట్టి కలిపి ఆ మనుష్యుని కన్నులకు పూసెను.

ఇంకొక సంగతి. ఇటువంటి జబ్బు మన ఉద్దానములో మాత్రమే లేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతములో వరి పండించు రైతులకు ఉన్నది. అక్కడివారిలో ఎక్కువమంది బౌద్ధులు. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా దేశములలో చెరకు నరకు కూలీలకు ఉన్నది. అక్కడివారిలో అనేకులు క్రైస్తవులు. భాష వేరు, మతము వేరు, తిండి వేరు. ఎండలో ఒళ్లు వంచి పనిచేయుట ఒక్కటే అందరికి సమానము. ఎండ తాపమా, భూగర్భ జలములోని సిలికా వంటి పదార్థములా, పురుగు మందులా, లేక ఇవన్నియు కలిసియా అని పరిశోధకులు వెదకుచున్నారు, ఇదే కారణమని ఇంకను తేల్చి చెప్పలేదు. కారణము తేలనంత మాత్రమున దానిని ఒకరి ఇంటి మీద శాపమని వేయుటకు మనకు అధికారము లేదు. యోబు స్నేహితులు చేసిన పని అదే గదా!

ఇక స్వస్థత కూటముల విషయము. దేవుడు స్వస్థపరచువాడని మేము నమ్ముచున్నాము. సంఘ పెద్దలు రోగికి నూనె రాచి ప్రార్థించవలెనని యాకోబు తన పత్రికలో చెప్పిన మాటను పాటించు సంఘములు మన మధ్య ఉన్నవి, అది మంచిదే. అయితే వేదిక మీదనుండి “బిళ్లలు పారవేయుడి, సూది మానివేయుడి, అదే మీ విశ్వాసము” అని చెప్పువారి మాట వినవద్దని ఈ పేజీలో గట్టిగా వ్రాయుచున్నాము. డయాలసిస్ మీద ఉన్నవారు దానిని మానివేసినయెడల కొద్ది దినములలో, లేక కొద్ది వారములలో ప్రాణము పోవును. ఆ బోధకుడు అప్పటికి మరొక ఊరిలో ఉండును. పిల్లలతో మిగులునది ఆ ఇంటి ఇల్లాలు.

హిజ్కియా రాజు మరణకరమైన రోగములో కన్నీళ్లతో ప్రార్థించెను. దేవుడు వినెను, ఆయుష్షు 15 సంవత్సరములు పెంచెను. అయినను అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టుమని ప్రవక్తయే చెప్పెను. ప్రార్థన విన్న దేవుడే పట్టీ కూడ వేయించినాడు. పౌలు ప్రయాణములలో వెంట ఉన్న లూకా వైద్యుడు. మన జిల్లాలో సువార్త నడచినదియు అదే త్రోవను. సోంపేటలో కెనడియన్ బాప్టిస్టుల ఆరోగ్యవరం ఆసుపత్రిని ఎరుగనివారు ఈ తీరములో తక్కువ. అక్కడ కన్నుల ఆపరేషన్లు చేసిన డాక్టర్ బెన్ గల్లిసన్ గారు సహాయము కోరగా, కెనడాలోని కాల్గరీ పట్టణమునకు చెందిన ఆర్ట్ జెంకిన్స్ గారు 1963లో ప్రారంభించినదే నేడు అనేక దేశములలో చూపునిచ్చుచున్న ఆపరేషన్ ఐసైట్ సంస్థ. గల్లిసన్ గారు ప్రార్థించినవారే, కత్తి పట్టినవారే. ఒకటి రెండవదానికి అడ్డు రాలేదు.

పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రము 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. హిరమండలం రిజర్వాయరు నుండి ఉద్దానమునకు మంచినీరు తెచ్చు సుమారు 700 కోట్ల పథకము కూడ ఆ దినముననే ప్రారంభమైనది. డయాలసిస్ రోగుల పింఛను 2019లో నెలకు 10 వేల రూపాయలకు పెరిగినది. దీనికొరకు ప్రజలు ఎంతకాలము ఎదురుచూచిరో ఆ ప్రభువుకు తెలుసు.

అయినను ఆసుపత్రి చేయలేనివి, సంఘము చేయవలసినవి ఉన్నవి. డయాలసిస్ అనగా వారమునకు రెండు మూడుసార్లు, ప్రతిసారి దాదాపు నాలుగు గంటలు యంత్రము ప్రక్కన. రానుపోను ప్రయాణముతో ఆ దినమంతయు పోవును. వెంట వచ్చినవారి కూలి కూడ పోవును. పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చి ఇంటికప్పు విప్పి దింపిన సంగతి మార్కు వ్రాసెను. ఆ నలుగురి పేర్లు మనకు తెలియవు. ఒక సంఘములో నలుగురు యౌవనస్థులు వంతులు వేసికొని ఆటోలో తోడు వెళ్లగలరు. స్త్రీల సమాజము ఆ పూట ఆ ఇంటి పిల్లలకు అన్నము పెట్టగలదు. దీనికి తీర్మానములు, కమిటీలు అక్కరలేదు.

పరామర్శకు వెళ్లునప్పుడు ఒక జాగ్రత్త. మన ప్రాంతములో జబ్బుపడినవారిని చూడబోవునప్పుడు కొబ్బరిబొండములు తీసికొని వెళ్లుట ఆచారము. కిడ్నీలు పాడైనవారికి ఆ నీరే ప్రమాదము! అందులోని పొటాషియమును పాడైన కిడ్నీ బయటికి పంపలేదు, అది రక్తములో పేరుకొని గుండెను ఆపివేయగలదు. అరటిపండ్లు, పనసతొనలు, జీడిపప్పు కూడ అంతే. ఉద్దానపు తోటలు ఇచ్చునవి ఉద్దానపు రోగి తినలేడు, ఇంతకంటె కఠినమైన ఉపవాసము మరొకటి ఉండునా? ఎండుచేపలు, ఆవకాయ కూడ ఉప్పు చేత దూరము పెట్టవలసినవే. ప్రేమతో బలవంతము చేయకుడి. వట్టిచేతులతో వెళ్లి ఒక గంట కూర్చుండుడి.

ఆరోగ్యముగా ఉన్నవారు కూడ వినవలెను. ఈ జబ్బు మొదట నొప్పి చూపదు, వాపు చూపదు. రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేయించుకొననిదే తెలియదు. ఒళ్లునొప్పులకు దుకాణములో బిళ్లలు కొని మ్రింగుట, కనబడిన చోటెల్ల సూదులు వేయించుకొనుట కిడ్నీలకు హాని. మిట్టమధ్యాహ్నపు ఎండలో నీళ్లు త్రాగక పనిచేయరాదు. వేసవిలో నీళ్లయినను ముట్టక చేయు ఉపవాస ప్రార్థనలను కిడ్నీ జబ్బున్నవారి మీద మోపవద్దని కాపరులను వేడుకొనుచున్నాము.

ఇంత చేసినను కొందరు బాగుపడరు. పౌలు తన శరీరములోని ముల్లు కొరకు మూడుమార్లు బ్రతిమాలినను అది తీసివేయబడలేదు. ఆ పౌలుకు విశ్వాసము తక్కువని ఎవరైన అందురా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతములో తీరము దాటినప్పుడు ఏండ్ల తరబడి పెంచిన కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో కూలిపోయినవి. మరల మొక్కలు నాటినవారిలో ఆ కాయ తాము తినమేమోనని తలంచిన ముసలివారు లేకపోలేదు. నిరీక్షణను గూర్చి మాకు అంతకంటె చెప్పుట చేతకాదు.

చివరిగా, అనేకులు అడుగు చిన్న ప్రశ్న. త్రాగు నీటికే కొలత ఉన్న డయాలసిస్ రోగి ప్రభురాత్రి భోజనములో పాలుపొందవచ్చునా? నిశ్చయముగా పొందవచ్చును. ఆ చిన్న గిన్నెలో ఉండునది కొద్ది చుక్కలే, పెదవులు తడిపినను చాలును. బల్లయొద్దకు నడువలేనివారికి కాపరియే ఇంటికి తీసికొని వెళ్లవలెను, డయాలసిస్ లేని దినము ఏదో ముందుగా కనుగొని.