లోకోషెడ్డు లేని దొనకొండ

అమెరికాలో ఊరి శివారు షాపింగ్ మాల్ ఎలా మూతపడుతుందో దొనకొండవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడో పెద్దకొట్టు ఉంటుంది. దానికోసం వచ్చే జనంతోనే చుట్టూ ఉన్న చెప్పుల షాపూ, ఐస్‌క్రీమ్ పార్లరూ బతుకుతాయి. అది కట్టేశారా... మిగతావీ ఒక్కొక్కటిగా తాళాలేసుకుంటాయి. షికాగో దగ్గర హార్వీలో 1966లో తెరిచిన డిక్సీ స్క్వేర్ మాల్ 1978కల్లా మూతపడింది. మూడు దశాబ్దాలకు పైగా పాడుబడి, 2012లో నేలమట్టమైంది.

దొనకొండలో మాల్ ఎక్కడిదంటారా? ఇక్కడి పెద్దకొట్టు లోకోషెడ్డు.

గుంటూరు నుంచి నల్లమల దాటి గుంతకల్లు వెళ్లే మీటర్‌గేజీ లైను తెల్లదొరల కాలంలో, సదరన్ మరాఠా రైల్వే హయాంలో పడింది. ఆవిరి ఇంజనుకి ఆకలెక్కువ. కొంతదూరం పోగానే బొగ్గు కావాలి, నీళ్లు పట్టాలి, బూడిద దులపాలి. డ్రైవరూ, ఫైర్‌మనూ దిగితే మరో జత ఎక్కాలి. ఆ చాకిరీ చుట్టూనే దొనకొండ పెరిగింది. క్వార్టర్లు, ఆస్పత్రి, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల బంగళాలు, చర్చి... వాటిని నమ్ముకుని కిరాణా కొట్లు, పాలవాళ్లు, చాకలివాళ్లు.

డీజిలింజనుకి ఈ సేవలేవీ అక్కర్లేదు. ఒకసారి ట్యాంకు నింపితే వందల కిలోమీటర్లు పోతుంది. 1990ల్లో బ్రాడ్‌గేజీ కూడా పడ్డాక మీటర్‌గేజీ షెడ్డుకి పనే లేకుండా పోయింది. ఊరిమీద ఎవరూ కక్షగట్టలేదు. రైళ్లు బాగుపడ్డాయి, అంతే! రైల్వే ఉద్యోగికి బదిలీ ఆర్డరు వస్తుంది, పెట్టే బేడా సర్దుకుంటాడు. అతని ఖాతా రాసుకున్న కొట్టువాడికి బదిలీ ఎవరిస్తారు?

రైళ్లు ఇప్పటికీ ఆగుతున్నాయి. బంగళాలే పాడుబడ్డాయి. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల మైదానం కూడా ఖాళీగానే మిగిలింది.

విచిత్రంగా, ఆ ఖాళీయే ఊరికి మళ్లీ ఆశ పుట్టించింది. 2014లో రాష్ట్ర విభజన వేళ రాజధాని దొనకొండేనని ప్రచారం మొదలైంది. ప్రభుత్వ భూములున్నాయి, రైలుంది, విమానాల మైదానముంది... ఇంకేం కావాలన్నారు. పొలాలకి రెక్కలొచ్చాయి. సెప్టెంబరులో విజయవాడ ప్రాంతం పేరు ప్రకటించగానే బేరాలు చల్లబడ్డాయి. 2019లో మరోసారి అదే పుకారు లేచింది.