బొంత కూడా కళయే

కళ అనగానే మన విద్యార్థులకు అజంతా చిత్రాలో, రామప్ప శిల్పాలో స్మరణకు వస్తాయి. రాత్రి తాము కప్పుకొనే బొంత మాత్రం రాదు. మొన్నటి చలికాలంలో సంగారెడ్డిలోని ఒక ఇరుకు సందులో మన విద్యార్థి ఇంటికి వెళ్లే వరకు నాకూ రాలేదు.

అతని నానీ డెబ్బయి ఏళ్లు దాటిన వృద్ధురాలు. "పాత గుడ్డలు చూడనీకి ఇంత దూరం వచ్చినవా, బేటా?" అని నవ్వింది. మనవడు సిగ్గుతో తల వంచుకున్నాడు.

నూలు చీరలను పొరలుగా పరచి, అంచులు మడిచి, వరుస తప్పకుండా కుట్టిన బొంతలవి. పొరల నడుమ నిలిచిన గాలి వెచ్చదనాన్ని కాపాడుతుంది. ఒత్తైన కుట్టు పొరలను జారనీయదు. ఒక బొంత నడుమ ఖాకీ పట్టీలున్నాయి. పటాన్‌చెరు కర్మాగారంలో మర్హూమ్ భర్త తొడిగిన చొక్కాలట. ఆ సంగతి మనవడికి ఆనాడే తెలిసింది.

నేను అతనిని మందలించలేదు. ఎం.ఏ. చదువుకై వసతి గృహానికి వెళ్తూ, తోటివారు నవ్వుతారని అమ్మ ఇచ్చిన బొంతను నేనూ ఇంట్లోనే వదిలాను. తరువాత అదేమైనదో అడగనైనా లేదు.

1942లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, జీస్ బెండ్ అనే పల్లెలో, మిస్సోరీ పెట్‌వే అనే నల్లజాతి స్త్రీ మరణించిన భర్త పనిబట్టలతో బొంత కుట్టింది. ఆ పల్లె స్త్రీల బొంతలు 2002లో హ్యూస్టన్ లలితకళా ప్రదర్శనశాల గోడలకెక్కాయి; 2006లో తపాలా బిళ్లలపై అచ్చయ్యాయి. అక్కడి గోడపై కళ అయినది మన పెట్టెలో చింకిపాత ఎట్లా అవుతుంది?

పేదరికాన్ని అందంగా చూపడం తగదని కొందరనవచ్చు. నిజమే. లేమిని పొగడమని నేననను. లేమిలోనూ ఏ రంగు పక్కన ఏ రంగు ఒదుగుతుందో యోచించిన మనస్సును గుర్తించమంటాను. గుర్తింపుతోపాటు ప్రతిఫలమూ ఉండాలి. కొనేవారు పాత చీరకు వెల కడుతున్నారు గాని, దినాల తరబడి వంగిన నడుముకు కట్టడం లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. రాబోయే వార్షికోత్సవంలో ఒక గదిని బొంతలకు కేటాయించండి. ప్రతి బొంత కింద కుట్టినవారి పేరును తెలుగులోను, ఉర్దూలోను రాయించండి. అమ్మదలచినవారికి పనిదినాలను లెక్కించి ధర నిర్ణయించండి.

విద్యార్థులారా! మీ ఇంటి బొంతను ఎవరు కుట్టారో, అందులో ఎవరి బట్టలున్నాయో ఈ రాత్రే అడగండి. నావలె ఆలస్యం చేయకండి.