వాడి మూడు పిచ్చులు, తాత తుపాకి

మా ఇంటి కుర్రకారులో ఒకడికి మూడు పిచ్చులు. రాత్రిపూట ఫోన్లో జట్టు కట్టి ఆడే ఆటలు ఒకటి. ఊరంతా మరిచిపోయినా కొందరు మాత్రం వదలకుండా పట్టుకుని తిరిగే పాత సినిమాలు రెండోది. మూడోది తుపాకి హక్కు. మన దేశంలో కూడా ప్రతి పౌరుడికీ తుపాకి పెట్టుకునే హక్కు ఉండాలని వాడి వాదం. పేరు రాయం. తళవాయిపురంలో ఉన్న మనవాళ్ళకి ఎవడో తెలుసు, బయట ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఆ అవసరం లేదు.

ఇన్నాళ్ళూ ఇది భోజనాల దగ్గర నవ్వుకునే సంగతి. ఇప్పుడు అట్లా లేదు. తాతకి డెబ్బై దాటాయి. కొండ కింద కొబ్బరి తోపు కాపలాకని ఎప్పుడో తీసుకున్న రెండు గొట్టాల తుపాకి లైసెన్సు ఆయన పేరు మీద ఉంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకి 70 ఏళ్ళు నిండినా, ఆ తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్ళు ఉన్నా, వారసుల్లో ఒకరి పేరు మీద లైసెన్సు అడగొచ్చు. వాడు అడుగుతానంటున్నాడు. తాత సరే అన్నాడు. అవ్వ వద్దంది. చిన్నాన్నలు ఇద్దరూ చెరో పక్క. బెంగళూరులో, కోవైలో ఉన్న మా తరంవాళ్ళం ఏమంటామో చెప్పమని అడిగారు కాబట్టి రాస్తున్నాం.

ముందు ఒక మాట. ఇంట్లో వద్దనేవాళ్ళు చెప్పే కారణం మాకు నచ్చలేదు. "ఆటల్లో కాలుస్తాడు, సినిమాల్లో కాల్చేది చూస్తాడు, ఇప్పుడు చేతికి నిజం తుపాకి కావాలంటున్నాడు" అని మూడూ ఒకే మూటలో కడుతున్నారు. మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మూడు లోపాలు ఒకే టికెట్‌లో రాస్తే డెవలపర్ తిప్పి పంపిస్తాడు, సబబే. దేనికది విడిగా రాస్తేనే ఏది నిజం లోపమో, ఏది మనకి అలవాటు లేని ఫీచరో తేలుతుంది.

ఆటల సంగతి తొందరగా తేల్చేయొచ్చు. వాడు ఆడేది పబ్‌జీ వంశంలోది. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీని ఆపేశారు, 2021లో బీజీఎంఐ అని కొత్త పేరుతో వచ్చింది, 2022 జూలైలో దాన్నీ తీసేశారు, 2023 మేలో మళ్ళీ వదిలారు. ఇన్నిసార్లు పోయి వచ్చినా మనవాడు మారలేదు, ఎవర్నీ కొట్టలేదు, కాలేజీ మానలేదు. నిద్ర చెడింది, నిజం. కానీ మన ఇంట్లో ఆటల వల్ల డబ్బు పోయింది వాడివల్ల కాదు. యాభై దాటిన ఒక మామ వల్ల, అదీ ఫోన్లో రమ్మీ ఆడి. అది పేకాటే కదా, పెద్దవాళ్ళ ఆట కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

రమ్మీకి ఈ గౌరవం ఎట్లా వచ్చిందో తెలుసా? మన తెలుగు నేల కేసు నుంచే. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా పోతే, 1968లో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని తీర్పు వచ్చింది. ఆ మాట పట్టుకునే ఆన్‌లైన్ కంపెనీలు బతికాయి. తీర్పు పుట్టిన చోటే మళ్ళీ తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో దాన్ని ఆపాయి. తమిళనాడు 2022లో చట్టం చేస్తే 2023 నవంబర్‌లో మద్రాసు హైకోర్టు రమ్మీని, పోకర్‌ని అందులోంచి తప్పించింది. చివరికి 2025 ఆగస్టులో కేంద్రమే చట్టం తెచ్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ వద్దంది, డబ్బు పందెం లేని ఈ-స్పోర్ట్స్‌ని మాత్రం ఒప్పుకుంది. గీత సరైన చోటే గీశారని మా అభిప్రాయం. ఆటలో తుపాకి ఉందా లేదా అని కాదు, జేబులోంచి డబ్బు పోతుందా లేదా అని చూడాలి. ఆ లెక్కన వాడు గీతకి ఇవతలే ఉన్నాడు.

ఇక సినిమాలు. ఇక్కడ మేము వాడి పక్షమే, కొంచెం స్వార్థంతో కూడా. తళవాయిపురంలో పిల్లలు తమిళం చదువుతారు. మేము కన్నడ మీడియంలో చదివాం, ఆ లిపి దగ్గరిది కాబట్టి తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదవగలుగుతున్నాం. వాడికి అదీ లేదు. ఇంట్లో మాట్లాడే తెలుగులో సగం తమిళమే. ఐనా వాడి నోట అప్పుడప్పుడు శుభ్రమైన తెలుగు మాట వస్తుంది, అది ఎక్కడిదిరా అంటే సినిమాలోది అంటాడు. ముఖ్యంగా ‘మోసగాళ్లకు మోసగాడు’. 1971లో కృష్ణ వేసిన కౌబాయ్ వేషం, కె.ఎస్.ఆర్. దాస్ డైరెక్షన్, ఆరుద్ర రాత. ఇటలీవాళ్ళు తీసిన కౌబాయ్ సినిమాలు చూసి, ఆ టోపీ, ఆ గుర్రం తెచ్చి, రాజస్థాన్ ఎడారిలో షూటింగ్ పెట్టి మనవాళ్ళు నిధి వేట కథ అల్లారు. తమిళంలోకి, ఇంగ్లీషులోకి కూడా డబ్బింగ్ చేశారు. 2023 మే 31న, కృష్ణ పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజుకి, మళ్ళీ విడుదలైతే మనవాడు టికెట్ కొని చూశాడు. తమిళంలో కూడా ఎం. కర్ణన్ 1972లో జైశంకర్‌తో ‘గంగా’, ‘జక్కమ్మ’ తీశాడు. జక్కమ్మ అంటే కట్టబొమ్మన్ కులదేవత, తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకర్ల అమ్మవారు. ఆ పేరు కౌబాయ్ సినిమాకి తగిలించడం ఎవరి బుర్రలో పుట్టిందో గానీ!

కన్నడం వైపు మాకు తెలిసిన కల్ట్ సినిమా ‘ఓం’. 1995లో ఉపేంద్ర తీశాడు, శివరాజ్‌కుమార్ హీరో. వందలసార్లు మళ్ళీ మళ్ళీ విడుదలైంది. మా బడి రోజుల్లో దాంట్లోని రౌడీల నడక నడవని కుర్రవాడు లేడు. వాళ్ళంతా ఇప్పుడు ఈఎంఐలు కట్టుకుంటున్నారు. సినిమాలో ఆయుధం చూసినవాడల్లా ఆయుధం పట్టడు. ఈ ముక్క ఇంట్లో పెద్దవాళ్ళు నమ్మాలి.

మూడోదాని దగ్గరికి వద్దాం. వాడి వాదం ఎక్కడినుంచి వచ్చిందో మాకు బాగా తెలుసు. అమెరికా వీడియోలు. అక్కడి రాజ్యాంగానికి 1791లో చేర్చిన రెండో సవరణ, 2008లో అది మనిషి మనిషికీ ఉన్న హక్కని వాళ్ళ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఇవన్నీ వాడికి కంఠతా వచ్చు. తన సొంత ఊరి కథ మాత్రం రాదు.

ఊరి పేరే చూడండి. తమిళంలో తళవాయ్ అని రాస్తారు. బడిలో మైసూరు చరిత్ర చదివిన మాకు దళవాయి అంటే ఎవరో తెలుసు. సేనాధిపతి. ఒక దశలో మైసూరులో రాజు పేరుకి ఉంటే రాజ్యం నడిపింది దళవాయిలే. అట్లాంటి పేరున్న ఊళ్ళు, పాళెగాళ్ళ కోటలు, ఇంటింటా ఈటె, వేట కుక్క: ఈ సీమ ఒకప్పుడు అట్లా ఉండేది. 1799 అక్టోబర్ 16న కట్టబొమ్మన్‌ని కయత్తారులో ఉరితీశారు. 1801 అక్టోబర్‌లో మరుదు సోదరులని తిరుప్పత్తూరులో. అదే ఏడు డిసెంబర్‌లో మద్రాసు గవర్నర్ ఎడ్వర్డ్ క్లైవ్ ప్రకటన వచ్చింది: ఇకమీద ఈ సీమ జనం ఆయుధాలు పట్టరాదు. కోటలు కూల్చేశారు. ఆయుధం పోయింది ఓడినవాళ్ళం కాబట్టి. ఇది జరిగిన డెబ్బై ఏడేళ్ళకి, 1878లో, దేశం మొత్తానికి ఆయుధ చట్టం వచ్చింది. మన నేల మీద ముందే చేసి చూశారన్నమాట.

దీనికి ఎదురుగా కొడగు పెట్టండి. కొడవలకి లైసెన్సు అక్కర్లేదు. ఇప్పటికీ. కైల్ పొళ్దు పండగకి తుపాకులు కడిగి పూలు పెట్టి పూజ చేస్తారు, మగబిడ్డ పుడితే ఒకసారి, మనిషి పోతే రెండుసార్లు గాలిలోకి కాలుస్తారు. మనవాడు ఇది చూపించి "చూడన్నా, మన దేశంలోనే హక్కుంది" అంటాడు. అది హక్కు కాదురా. 1861లో బ్రిటిష్ కమిషనర్ మార్క్ కబ్బన్ వాళ్ళ విశ్వాసానికి మెచ్చి ఇచ్చిన మినహాయింపు. మనం ఎదురు తిరిగాం, పోయింది. వాళ్ళు తోడు నిలిచారు, మిగిలింది. స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వాలూ దాన్ని కొనసాగించాయి, 2021లో కర్ణాటక హైకోర్టు కూడా సరేనంది, ఐతే అది 2029 దాకా అని గడువున్న ప్రకటనే. గడువుతో ఇచ్చేది, ఇచ్చినవాడు తీసుకోగలిగేది హక్కెట్లా అవుతుంది?

వాడి చేతిలో ఇంతకన్నా గట్టి వాదం ఒకటుంది, పాపం వాడికే తెలియదు. 1931లో కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో పౌరుల ప్రాథమిక హక్కుల పట్టీలో ఆయుధం పెట్టుకునే హక్కు రాసి ఉంది, నియమాలకి లోబడి. 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని రాజ్యాంగంలో చేర్చమని అడిగాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. చివరికి రాజ్యాంగంలో మిగిలింది ఆయుధాలు లేకుండా శాంతంగా గుమికూడే హక్కు. అంటే మనవాళ్ళు ఆలోచించకుండా వదిలేసింది కాదు, ఆలోచించి పక్కన పెట్టింది. 1959లో బి.ఆర్. పంతులు ‘వీరపాండియ కట్టబొమ్మన్’ విడుదలై జనం శివాజీ గణేశన్‌ని చూసి ఊగిపోయారు. అదే ఏడు చివర ఢిల్లీలో కొత్త ఆయుధ చట్టం పాసైంది, తెల్లవాడి చట్టం పోయినా లైసెన్సు పోలేదు. వాడు సినిమా ఇరవైసార్లు చూశాడు, చట్టం ఒక్కసారి చదవలేదు.

సరే, హక్కు సంగతి వదిలేద్దాం. తోపుకి తుపాకి కావాలా? తాత ఒప్పుకోవడానికి కారణం అదే, అడవి పందులు. లేత మొక్కలు పెకిలించి పోతున్నాయి, ఇది నిజం బాధ. కానీ తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చడానికి లేదు, వన్యప్రాణి చట్టం వేరే. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం పెట్టిన పద్ధతి చూడండి. రిజర్వ్ అడవి హద్దుకి ఒక కిలోమీటరు లోపల కాల్చకూడదు, మూడు కిలోమీటర్ల దాకా పట్టి వదలాలి, మూడు దాటితేనే కాల్చాలి, అదీ శిక్షణ ఉన్న అటవీ సిబ్బందే. కేరళలో 2022 నుంచి పంచాయతీ ప్రెసిడెంటు అనుమతితో లైసెన్సున్నవాళ్ళు కాల్చొచ్చు, మనవాడు అదీ చూపిస్తాడు. కొండకి అవతలి చట్టం ఇవతల పని చేయదు కదా. మన తోపు కొండని ఆనుకునే ఉంది, పైన ఉన్నది 2021లో ప్రకటించిన శ్రీవిల్లిపుత్తూరు మేగమలై పులుల అభయారణ్యం. అక్కడ ఈ తుపాకితో పందిని కాల్చినవాడు జైలుకి పోతాడు. కాల్చలేని తుపాకి కాపలాకి దేనికి? తాత కూడా ఎన్నేళ్ళుగానో దాన్ని చేసిందల్లా ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పగించి, అయ్యాక తెచ్చుకోవడమే. తోపుని నిజంగా కాస్తున్నది తెల్ల కుక్క, 2005లో తపాలా బిళ్ళ మీదకి ఎక్కిన రాజపాళెం జాతిది. దానికి లైసెన్సు అక్కర్లేదు.

మాకు భయం వేసేది తోపులో కాదు, ఇంట్లో. అమెరికాలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు, అక్కడ తుపాకి హక్కు వీడియోలో కనిపించినంత ముచ్చటగా ఉండదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒకడు "మా దేశం నుంచి పో" అని అరిచి కాల్చి చంపాడు. అది పరాయివాడి చేతిలో తుపాకి. 2024 నవంబర్‌లో అట్లాంటాలో తెలంగాణ నుంచి చదువుకోవడానికి వెళ్ళిన కుర్రవాడు, ఇరవై మూడేళ్ళు, పుట్టినరోజు నాడు తన వేట తుపాకి శుభ్రం చేస్తుంటే పేలి పోయాడు. పక్క గదిలో స్నేహితులున్నారు. అది తన తుపాకే, సక్రమంగా కొన్నదే, ఎవరిమీదా కోపం లేదు. మా మనసులో నిలిచిపోయింది ఈ రెండోదే. మన ఇంట్లో పండక్కి పదిహేనుమంది పిల్లలు చేరతారు, బీరువా తాళం చెవి ఎక్కడుంటుందో అందరికీ తెలుసు.

కాబట్టి మా మాట ఇది. వాడి ఆటల జోలికి పోవద్దు, రాత్రి పన్నెండు తర్వాత ఫోన్ అవ్వ దగ్గర పెట్టాలి, అంతే. సినిమాలు వాడే ఎంచి పొంగల్ సెలవుల్లో అందరికీ వేయాలి. లైసెన్సు మాత్రం వాడి పేరుకి మార్చొద్దు, మా ఎవరి పేరుకీ వద్దు. గడువు తీరకముందే తుపాకిని లైసెన్సున్న డీలర్‌కి అమ్మేయాలి, లేదా స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోవాలి. వాడికి కోపం వస్తుంది, రానీ. వాడిది వాదమైతే వాదించమనండి, కామత్ అడిగినట్టు అడగమనండి, ఉత్తరాలు రాయమనండి, మేము తప్పులు దిద్దుతాం. తుపాకి హక్కు మీద వాడితో మాకు పేచీ రేపు కూడా ఉంటుంది. తాత తుపాకి మీద మాత్రం పేచీ వద్దు. స్టేషన్‌కి తాతతో పాటు వాడే వెళ్ళాలని మా కోరిక, కాగితాలన్నీ చదివి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించగలిగేది ఇంట్లో వాడొక్కడే.